కొండ పేలుతుందని చెప్పి పాంపేను ఖాళీ చేయించలేరు

నమస్తే అండీ. మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ నవలలో హైదరాబాద్ కుర్రాడొకడు టైమ్ మెషిన్ ఎక్కి క్రీ.శ. 79లో ఇటలీలోని పాంపే నగరానికి వెళ్తాడు. ఊరి మధ్య చౌకులో నిలబడి "వెసూవియస్ కొండ పేలబోతోంది, పారిపోండి" అని అరుస్తాడు. జనం మొదట నవ్వి, తర్వాత నమ్మి, ఊరు ఖాళీ చేస్తారు. ఇది నమ్మేలా ఉందా, లేకపోతే ఏం మార్చాలి, ఇంతమందిని కాపాడితే చరిత్ర తలకిందులైపోదా అని అడిగారు.

నమ్మేలా లేదండీ. అలా అని మీ కథను పక్కన పెట్టేయకండి, అందులో మంచి నవల ఉంది. నేను చరిత్ర ప్రొఫెసర్‌ని కాను. ముప్పై నాలుగేళ్ళు రెవెన్యూలో పనిచేశాను, ఎక్కువ భాగం కృష్ణా జిల్లా తీర మండలాల్లోనే. తుపాను కబురు వస్తే ఊళ్ళు ఖాళీ చేయించడం మా పని. రిటైరయ్యాక పాంపే గురించి దొరికినదల్లా చదివాను, ఒకసారి వెళ్ళి మూడు రోజులు ఆ వీధుల్లో తిరిగొచ్చాను కూడా. అక్కడ ప్రతి ఇంటి గుమ్మం దగ్గరా నాకు ఒకటే ఆలోచన. ఈ మనిషిని ఏం చెప్పి బయటికి తీసుకొచ్చేవాడిని?

ముందుగా, నగరాన్ని కాపాడటం ఎవరి తరమూ కాదు. ఆ రోజు కొండలోంచి లేచిన బూడిద స్తంభం ముప్పై కిలోమీటర్ల పైకి వెళ్ళింది, అంటే మన విమానాలు ఎగిరే ఎత్తుకు మూడింతలు. పాంపే మీద నురుగురాయి కురిసింది. మనం పాదాలు రుద్దుకునే తేలికపాటి రాయి ఉంటుందే, అదే. గంటకు సుమారు పదిహేను సెంటీమీటర్ల చొప్పున పేరుకుంటూ, తెల్లారేసరికి దాదాపు మూడు మీటర్లయింది. అంత బరువుకు ఏ పెంకుటిల్లు ఆగుతుంది? కాబట్టి మీ హీరోకి గోడల మీద ఆశ వద్దు. మనుషుల్ని చూసుకోమనండి.

ఆ మనుషులు ఎంతమంది? ఊరి జనాభా పది, పన్నెండు వేలని ఎక్కువమంది లెక్క కడతారు. ఇంతవరకు ఊళ్ళో మూడింట రెండు వంతులు తవ్వారు, అందులో దొరికిన శరీరాలు సుమారు 1,150. దారిలో పోయినవాళ్ళూ ఉంటారనుకోండి. అయినా చాలామంది వాళ్ళంతట వాళ్ళే బయటపడ్డారని దీన్నిబట్టి తెలుస్తోంది. పాంపే కుటుంబాల ఇంటిపేర్లు ఆ తర్వాతి కాలపు శాసనాల్లో నేపుల్స్, క్యుమే, పుటియోలి, ఓస్టియా ఊళ్ళలో కనిపిస్తాయి. మీ హీరో నిజంగా పట్టించుకోవాల్సింది వెళ్ళినవాళ్ళను కాదు, ఉండిపోయినవాళ్ళను. మా ఉద్యోగంలోనూ అంతే. మైకులో ఒకసారి చెప్పగానే సగం ఊరు కదులుతుంది. మిగతా సగం కోసమే రాత్రంతా తిరగాలి.

ఎందుకు కదలరో చెప్తాను.

పాంపే వాళ్ళకి అది నిప్పుకొండ అని తెలియదు. లాటిన్‌లో అలాంటి కొండకు విడిగా ఒక మాటే లేదు. వాళ్ళ కళ్ళకు అది ద్రాక్షతోటల కొండ, మంచి ద్రాక్షసారాయి ఇచ్చే కొండ. రోమ్ మీద తిరగబడ్డ బానిస స్పార్టకస్ తన మనుషులతో అక్కడే దాక్కుని, అడవి ద్రాక్షతీగలు పేనుకుని కిందికి దిగాడు. అది క్రీ.పూ. 73 నాటి సంగతి. స్ట్రాబో అనే భూగోళ పండితుడు రెండు తరాల ముందే ఆ శిఖరం మీది రాళ్ళు నిప్పు తిన్నట్టున్నాయని, ఒకప్పుడు ఇక్కడ మంటలు ఉండి ఉంటాయని రాసిపెట్టాడు. చదివినవాళ్ళు ఎందరు? చదివినా అది ఆరిపోయిన పొయ్యి అనే అనుకుంటారు.

ఇక భూకంపాలు. క్రీ.శ. 62 ఫిబ్రవరి 5న పెద్దది వచ్చింది. రోమన్ తత్వవేత్త సెనెకా దాని గురించి రాస్తూ ఆరు వందల గొర్రెల మంద చచ్చిపోయిందని చెప్పాడు. బ్యాంకరు కేసిలియస్ జుకుండస్ ఇంట్లో ఆ రోజు ఊరి గుడి పక్కకు ఒరిగిపోతున్నట్టు రాతిమీద బొమ్మ చెక్కించి పెట్టుకున్నారు. పదిహేడేళ్ళ తర్వాత కూడా మరమ్మతులు పూర్తికాలేదు. 79లోనూ ఎన్నో ఇళ్ళలో సున్నం, ఇటుకలు, సగం వేసిన గోడబొమ్మలు అలాగే ఉన్నాయి. ఇలాంటి ఊళ్ళో నేల కదిలితే భయపడతారా, అలవాటు పడతారా? పేలుడుకు ముందు చాలా రోజులు నేల కదులుతూనే ఉందని, ఆ ప్రాంతంలో అది మామూలే కాబట్టి పెద్దగా కంగారు పడలేదని, ఆ పేలుడును కళ్ళారా చూసిన చిన్న ప్లినీ తన ఉత్తరాల్లో స్వయంగా రాశాడు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పల్లెపాలెం ఖాళీ చేయించాం. టముకు వేయించాం, ఇల్లిల్లూ తిరిగాం, జనాన్ని లారీలెక్కించి స్కూలు బిల్డింగుకి చేర్చాం. ఆ తుపాను పైకి మళ్ళిపోయింది. మా దగ్గర నాలుగు చినుకులు పడ్డాయి, అంతే. ఈలోపు రెండిళ్ళలో వలలు పోయాయి, ఒకళ్ళ కోళ్ళు పోయాయి. ఆ తర్వాత 1990 మే నెలలో అసలు తుపాను కబురు వచ్చినప్పుడు అదే పాలెం పెద్ద నా మొహం చూసి "పోయినసారి కూడా ఇలాగే చెప్పారు కదండీ" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు నాకు వచ్చిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఇది మీ కథకు చాలా దగ్గరి విషయం. ఎందుకంటే మీ హీరోకి తేదీ తెలియదు. మీరు ఆగస్టు 24 అని రాశారు. ప్లినీ ఉత్తరాల చేతిరాత ప్రతుల్లో ఉన్నది అదే, స్కూలు పుస్తకాల్లోనూ అదే. కానీ తవ్వకాల్లో దానిమ్మలు దొరికాయి, కొత్త ద్రాక్షరసం నింపి మూతలు వేసిన జాడీలు దొరికాయి, చలి కాచుకునే కుంపట్లు దొరికాయి. 2018లో, మరమ్మతు జరుగుతున్న ఒక ఇంట్లో గోడమీద బొగ్గుతో గీసిన రాత ఒకటి బయటపడింది. దాని మీది తేదీ మన లెక్కలో అక్టోబర్ 17. బొగ్గురాత చెయ్యి తగిలితే చెరిగిపోతుంది, ఏడాదిపాటు నిలవడం కష్టం. అందుకని పేలుడు అక్టోబర్ 24 ప్రాంతంలో జరిగిందని ఇప్పుడు చాలామంది నమ్ముతున్నారు. వాదన ఇంకా నడుస్తోంది, కానీ నేను అక్టోబర్ వైపే.

ఇప్పుడు మీ కథ ఎలా మారుతుందో చూడండి. హీరో జులైలో దిగుతాడు. ఆగస్టు 24 అని ఊరంతా చాటుతాడు. కొందరు నమ్మి సామాన్లు కట్టుకుని బంధువుల ఇళ్ళకు పోతారు. ఆగస్టు 24 వస్తుంది. ఎండ కాస్తుంది. కొండ పచ్చగా ఉంటుంది. 25న జనం తిరిగొస్తారు. ఇక అక్టోబర్‌లో అతను ఏం చెప్పినా ఎవరు వింటారు? వినకపోగా కొడతారు. మీ నవల మొదటి సగం ఇదే కావాలని నా సలహా. మంచి మనసు, సరైన సమాచారం, తప్పు తేదీ.

రెండో సగంలో అతను నేర్చుకోవాల్సిన సంగతి మాకు ఉద్యోగంలో తెలిసొచ్చింది. భయం చెప్పి తీసుకెళ్తే, ఆ భయం నిజం కాని రోజున మన మాట విలువ పోతుంది. ఒక వేడుకకో, భోజనానికో పిలిచి తీసుకెళ్తే ఏమీ కాకపోయినా నష్టం లేదు. వచ్చారు, తిన్నారు, వెళ్ళారు. మళ్ళీ పిలిస్తే మళ్ళీ వస్తారు. 1990లో ఆ పాలెం వాళ్ళను చివరికి కదిలించింది మైకు కాదు. కరకట్ట ఇవతల గుడి దగ్గర నాలుగు గుండిగల్లో అన్నం, పప్పుచారు వండించాం. ముందు పిల్లలు పరిగెత్తుకుంటూ వచ్చారు, పిల్లల వెనక తల్లులు, తల్లుల వెనక మగవాళ్ళు. చీకటి పడేసరికి పాలెంలో పదిమంది కూడా లేరు.

పాంపేలో ఈ పనికి కావలసినవన్నీ సిద్ధంగా ఉన్నాయి. గోడలు చూడండి ముందు. ఆ ఊరి గోడలంతటా రాతలే. ఎన్నికల రాతలే రెండు వేలకు పైగా దొరికాయి. మన ఊళ్ళలో ఎలక్షన్లప్పుడు గోడకు సున్నం కొట్టి పేర్లు రాసినట్టే, అక్కడా ముందు ఒకడు సున్నం కొట్టేవాడు, తర్వాత రాసేవాడు ఎర్రటి పెద్ద అక్షరాలతో రాసేవాడు. ఎమీలియస్ కెలెర్ అనే రాతగాడు ఒక రాత చివర "వెన్నెల్లో ఒక్కడినే రాశాను" అని సంతకం పెట్టుకున్నాడు. గ్లాడియేటర్ ఆటల ప్రకటనలూ ఆ గోడల మీదే ఉండేవి. పాంపేలో జరిగే ఆటలే కాదు, నోలాలో, క్యుమేలో, పుటియోలిలో జరిగే ఆటలకు కూడా పాంపే గోడల మీద ప్రకటనలు దొరికాయి. ఎన్ని జతలు పోరాడతాయో, ఏ తేదీల్లోనో రాసి, చివర "వేట ఉంటుంది, పందిళ్ళు వేస్తారు" అని చేర్చేవాళ్ళు. ఎండకు గుడ్డ పందిరి ఉంటుందంటే దూరాభారం అనుకోకుండా వెళ్ళేవాళ్ళన్నమాట.

ఈ ఊరి వాళ్ళకు ఆ ఆటల పిచ్చి ఎంతంటే, క్రీ.శ. 59లో ఆట చూడటానికొచ్చిన పక్క ఊరు నుకేరియా వాళ్ళతో గొడవపడి, స్టేడియంలోనే రాళ్ళు, కత్తుల దాకా వెళ్ళారు. మనుషులు చచ్చిపోయారు. రోమ్‌లో సెనేట్ పదేళ్ళపాటు పాంపేలో ఆ ఆటలు నిషేధించింది. ఇలాంటి జనాన్ని ఊరు దాటించడానికి మీ హీరో కొండ పేరెత్తాల్సిన పనే లేదు. పుటియోలిలో ఆటలు, నాలుగు రోజులు, పందిళ్ళు ఉంటాయి, భోజనం ఉంటుంది అని రాయిస్తే చాలు.

పుటియోలి అనే ఎందుకన్నానంటే, దిక్కు ముఖ్యం. ఇక్కడే ఎక్కువమంది రచయితలు పొరబడతారు, కాస్త ఓపిగ్గా చదవండి. పాంపే వెసూవియస్‌కు ఆగ్నేయంగా పది కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ రోజు గాలి కూడా అటే వీచింది. కొండ పేలగానే మనిషికి పుట్టే బుద్ధి కొండకు దూరంగా, అంటే దక్షిణానికి స్టాబియే వైపు, తూర్పున నుకేరియా వైపు పరిగెత్తడం. కానీ రాళ్ళ వాన కూడా అటే పోతోంది. పరిగెత్తినంత దూరం నెత్తిన రాళ్ళే. చిన్న ప్లినీ మేనమామ పెద్ద ప్లినీ చనిపోయింది స్టాబియే ఒడ్డునే. నిజంగా క్షేమమైన దారి వాయవ్యానికి, కొండ పాదం పక్కనుంచే హెర్క్యులేనియం దాటి నేపుల్స్ వైపు వెళ్ళే దారి. నేపుల్స్, పుటియోలి నిలబడ్డాయి. పేలుతున్న కొండ పక్కనుంచి నడవండి అని ఆ క్షణంలో ఎవరికి చెప్పగలం? ఎవరూ వినరు. అందుకే పేలకముందే తీసుకెళ్ళాలి. పాంపే నుంచి నేపుల్స్ పాతిక కిలోమీటర్లలోపే. పిల్లాపాపలతో ఒక రోజు నడక. అక్కడినుంచి పుటియోలి ఇంకొక పూట.

ఆటలకు డబ్బు కావాలి. మీ హీరో నోట్లు, బంగారం మోసుకెళ్ళక్కర్లేదు. మిరియాలు చాలు. పెద్ద ప్లినీ రాసిన ధర ప్రకారం నల్ల మిరియాలు పౌను నాలుగు దినారీలు, అంటే నాలుగు రోమన్ వెండి నాణేలు. రోమన్ పౌను మన 327 గ్రాములు. అంటే ఇరవై కిలోల మిరియాల బస్తా ఒక సైనికుడి ఏడాది జీతం కంటే కొంచెం ఎక్కువే, అప్పటి జీతం 225 దినారీలు. దానితో ఆటలు పెట్టించలేడు, కానీ పెట్టించగలిగే పెద్దమనిషి గుమ్మం ఎక్కగలడు. పాంపేలో పెద్ద ఇళ్ళ బయట రాతి అరుగులు ఇప్పటికీ ఉన్నాయి. పొద్దున్నే ఆశ్రితులు వచ్చి ఆ అరుగుల మీద కూర్చుని అయ్యగారి దర్శనం కోసం ఎదురుచూసేవాళ్ళు. ఆ ఒక్క అయ్యగారు కదిలితే వెనక వందమంది కదులుతారు. నేను కూడా ఏ ఊరికి వెళ్ళినా ముందు ఆ ఊరి పెద్ద ఇంటికే వెళ్ళేవాడిని. ఆయన పెట్టె సర్దుకుంటే సగం పని అయినట్టే.

ఏ వేషంలో వెళ్ళాలని అడగలేదు కానీ చెప్తాను. మన తీరం నుంచి వెళ్ళిన సన్నబట్టల వ్యాపారిగా పంపండి. ఇది కల్పన కాదు. ఆ కాలంలోనే ఒక గ్రీకు నావికుడు రాసిన సముద్రయాన గ్రంథంలో మసాలియా అనే తీరం గురించి ఉంది, అక్కడ సన్నని నూలుబట్టలు విరివిగా నేస్తారని. అది మన మచిలీపట్నం, కృష్ణా డెల్టా ప్రాంతమేనని పండితులు గుర్తించారు. నేను పుట్టిపెరిగిన తీరం పేరు ఆ పుస్తకంలో చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో రోమన్ నాణేల కుండ దొరికింది. అటువైపు చూస్తే, పాంపేలోనే 1938లో ఏనుగుదంతంతో చెక్కిన మన దేశపు స్త్రీమూర్తి బయటపడింది. తూర్పు దేశాల సరుకు దిగే రేవు పుటియోలి. కాబట్టి భారతదేశం వ్యాపారి ఒకడు పాంపే వీధిలో నడిస్తే వింతగా చూస్తారేమో కానీ దెయ్యాన్ని చూసినట్టు చూడరు.

తర్వాత అతను వెళ్ళాల్సిన చోటు ఒకటుంది. పాంపే కాదు, మిసీనం. సముద్రపాయకు అవతలి కొసన, కొండకు సుమారు ముప్పై కిలోమీటర్ల దూరంలో రోమన్ నౌకాదళం ఉండేది. దాని అధిపతి పెద్ద ప్లినీయే. చేతిలో ఓడలున్న అధికారి, పైగా దేన్నయినా తెలుసుకోవాలనే ఆరాటం ఉన్నవాడు. తన మహాగ్రంథాన్ని టైటస్‌కే అంకితం ఇచ్చాడు, ఆ టైటసే 79 జూన్‌లో చక్రవర్తి అయ్యాడు. ఇంకో మంచి సంగతి. ఆ గ్రంథం రెండో భాగంలో భూకంపానికి ముందు కనిపించే గుర్తులు ఆయనే రాశాడు. గాలి లేకుండా సముద్రం పొంగడం, పిట్టలు బెదరడం, బావినీళ్ళు మడ్డిగా మారి కంపు కొట్టడం. మీ హీరో భవిష్యత్తు చెప్పనక్కర్లేదు. పాంపే బావిలోంచి ఒక చెంబు నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టి, "అయ్యా, ఇది మీరు రాసిందే కదా" అంటే చాలు. అధికారిని ఒప్పించాలంటే ఆయన రాసిన ఫైలే ఆయనకు చూపించాలి, నా అనుభవంలో అంతకు మించిన దారి లేదు.

అసలు కథలో ఆయన ఏం చేశాడో తెలిస్తే మీకు ఆయన మీద గౌరవం కలుగుతుంది. మధ్యాహ్నం ఒంటిగంట వేళ పైన్ చెట్టులా పైకి లేచి కొమ్మలు చాపిన మేఘం కనబడింది. దగ్గరగా చూద్దామని చిన్న ఓడ సిద్ధం చేయించాడు. ఇంతలో కొండ కింద ఇల్లున్న రెక్టినా అనే ఆవిడ నుంచి కాపాడమని కబురు వచ్చింది. వెంటనే పెద్ద ఓడలు దింపి బయల్దేరాడు. ఒడ్డుకు చేరనివ్వకుండా రాళ్ళు, కొత్తగా మేట వేసిన తీరం అడ్డుపడ్డాయి. వెనక్కి పోదామన్నాడు ఓడ నడిపేవాడు. ఆయన వినలేదు, స్టాబియేలోని స్నేహితుడి దగ్గరికి పోనిమ్మన్నాడు. పక్కవాళ్ళకి ధైర్యం కోసం అక్కడ స్నానం చేసి, భోంచేసి, పడుకున్నాడు. తలుపు మూసుకుపోయేంత రాయి పేరుకుంటే లేపారు. తలమీద దిండ్లు గుడ్డలతో కట్టుకుని బయటికొచ్చారు. ఒడ్డున సముద్రం ఇంకా పోటుమీదే ఉంది. గుడ్డ పరిపించుకుని పడుకుని, చల్లటి నీళ్ళు రెండుసార్లు అడిగి తాగాడు. అక్కడే పోయాడు. ఆ ఓడలు అంతకు రెండు రోజుల ముందు, ప్రశాంతమైన నీళ్ళ మీద వచ్చి ఉంటే ఎలా ఉండేది? మీ హీరో చేయగలిగిన అసలు పని అది.

ఆ ఓడలు ముందు ఆగాల్సింది పాంపే దగ్గర కాదు. హెర్క్యులేనియం దగ్గర. మీరు ఆ ఊరి ప్రస్తావనే తేలేదు, దయచేసి తీసుకురండి. గాలి అటు లేకపోవడంతో ఆ ఊరి మీద రాళ్ళు పెద్దగా పడలేదు. చాలామంది సముద్రం ఒడ్డుకు చేరారు. ఒడ్డున పడవలు పెట్టుకునే రాతి గదులున్నాయి, కమాను కప్పుతో. వాటిలో ఒకళ్ళ మీద ఒకళ్ళు ఒదిగి కూర్చున్నారు. అర్ధరాత్రి దాటాక కొండమీది స్తంభం కూలి, కాలే బూడిద, వాయువులు కలిసి నేలబారున దూసుకొచ్చాయి. దాన్ని నేను నిప్పుల ఉప్పెన అంటాను, మా తీరం వాళ్ళకి వేరే మాట చెప్తే అర్థం కాదు. 1980 నుంచి తవ్వితే ఆ గదుల్లో, ఆ ఒడ్డున మూడు వందలకు పైగా అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఒకరి చేతిలో ఇంకొకరు. వాళ్ళకి దాదాపు పన్నెండు గంటల సమయం ఉంది. చాలినన్ని పడవలే లేవు.

పాంపేలో ఆ ఉప్పెన తెల్లారాక వచ్చింది. అక్కడ దొరికిన శరీరాల్లో మూడో వంతుకు పైగా రాళ్ళ పొరలోనే ఉన్నాయి, ఎక్కువగా కప్పులు కూలి పోయినవాళ్ళు. మిగిలినవాళ్ళు రాత్రంతా బతికే ఉన్నారు. నుకేరియా గుమ్మం దగ్గర ఒక తోటలో పదమూడు మంది దొరికారు, పెద్దలూ పిల్లలూ. వాళ్ళు పడి ఉన్నది రాళ్ళ పొర అడుగున కాదు, దాని పైన. అంటే రాళ్ళ వాన తగ్గేదాకా ఆగి, ఇక ఫరవాలేదనుకుని, ఆ మూడు మీటర్ల రాళ్ళ మీదుగా నడుస్తున్నారు. తుపాను కన్ను తెలిసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. హోరు హఠాత్తుగా ఆగిపోతుంది, చుక్కలు కూడా కనిపిస్తాయి. అయిపోయిందని బయటికొస్తారు. అప్పుడు గాలి రెండో వైపు నుంచి కొడుతుంది. 1977 దివిసీమ ఉప్పెన చూసిన మా పెద్దవాళ్ళు ఇప్పటికీ ఒకటే మాట చెప్తారు, గాలి ఆగితే తలుపు తీయకు. మీ హీరో చివరి అధ్యాయం ఆ తోట గుమ్మం దగ్గర పెట్టండి. అక్కడ మాత్రం అతను అరవాలి.

ఆటలకు వెళ్ళలేనివాళ్ళు ఎవరో కూడా రాయండి. బానిసలు, కాపలావాళ్ళు, నిండు గర్భిణులు, మంచం పట్టినవాళ్ళు. యజమాని కదలమంటేనే కదలగలిగిన మనుషులు ఊళ్ళో ఎంతోమంది. మోడెస్టస్ బేకరీ అని పిలిచే చోట పొయ్యిలో 81 రొట్టెలు మాడి బొగ్గయి దొరికాయి. ఎనిమిది ముక్కలకు గాట్లు పెట్టిన గుండ్రటి రొట్టెలు. ఆ రొట్టెలు పొయ్యిలో పెట్టిన చేతులు ఆ పూట కూడా పనిలోనే ఉన్నాయి. మీ హీరో ఆ బేకరీలో పని ఇప్పించుకుని ఉంటే, ఆ ఊరి నిజమైన మనుషులు అతనికి తెలుస్తారు. ఊరి వెలుపల చివిటా జూలియానా అనే చోట ఒక భవంతి పశువులశాలలో జీను కట్టిన గుర్రం 2018లో దొరికింది. బయల్దేరబోతున్నారు, బయల్దేరలేదు.

చాలామంది దగ్గర తాళంచెవులు దొరికాయండీ. ఇల్లు తాళం వేసి, చెవి జాగ్రత్తగా పెట్టుకుని వెళ్ళారు, తిరిగొస్తామని. అందుకే ఇంటికి కాపలా ఏర్పాటు చేయకుండా ఎవరినీ రమ్మనకూడదు. మేం పాలెంలో ఇద్దరు కుర్రాళ్ళను, ఆ ఊరివాళ్ళనే, చివరిదాకా ఉంచి చివరి లారీలో ఎక్కించేవాళ్ళం. మా వీధి చూసుకునే మనిషి ఉన్నాడు అనే ధైర్యం లేకపోతే ఆడవాళ్ళు గడప దాటరు.

చరిత్ర మారిపోదా అన్నారు. మారుతుంది, మారనివ్వండి. ఆ తర్వాత టైటస్ ఇద్దరు మాజీ కాన్సుల్స్‌ను, అంటే రోమ్‌లో పెద్ద పదవి చేసినవాళ్ళను, ఆ ప్రాంతం బాగుచేయడానికి నియమించాడు, వారసులు లేకుండా పోయినవాళ్ళ ఆస్తుల్ని ఆ పనికే వాడమన్నాడు. మీ కథలో వారసులు బతికి ఉంటారు, ఆ డబ్బు ఉండదు. పుటియోలి వీధుల్లో వేలమంది, ఇల్లు లేదు, పొలం లేదు, తిరిగి వెళ్ళడానికి ఊరే లేదు. ఆటలకని పిలిచినవాడు మోసం చేశాడని కొందరు అంటారు. హీరోని అక్కడే వదిలేసి మెషిన్ ఎక్కించకండి. కనీసం ఒక చలికాలం ఉంచండి. పునరావాసం చూడకుండా వెళ్ళిపోయినవాడు సగం పనే చేసినట్టు.

చివరిగా ఒక సీను. 1990లో ఆ పాలెంలో మిగిలినవాళ్ళలో ఒక ముసలావిడ ఉంది. "నేనొస్తే గేదెను ఎవరు చూస్తారు బాబూ?" అంది. ఎంత చెప్పినా గుంజను పట్టుకుని కూర్చుంది. మా బంట్రోతు మాట్లాడకుండా వెళ్ళి పలుపు విప్పేశాడు. గేదె కరకట్ట వైపు నడిచింది. ఆవిడ దాని వెనక నడిచింది. అంతే.

పాంపేలో వెసోనియస్ ప్రైమస్ ఇల్లని పిలిచే ఇంటి గుమ్మం దగ్గర 1874లో ఒక కుక్క ఆకారం దొరికింది. బూడిద గట్టిపడిన ఖాళీలో ప్లాస్టర్ పోసి తీశారు. మెడకు పట్టీ, పట్టీకి గొలుసు. రాళ్ళు పేరుకునే కొద్దీ అది పైకెక్కుతూ, గొలుసు అయిపోయేదాకా ఎక్కింది. వెల్లకిలా మెలితిరిగి ఉంటుంది, కాళ్ళు గాల్లోకి. నేను ఆ ప్లాస్టర్ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాను. మీ హీరో ఊరు విడిచే ముందు ఆ ఇంటి దగ్గర ఆగి, ఆ గొలుసు విప్పాలి. ఆ సీను రాశాక పంపండి, తప్పకుండా చదువుతాను.